కొరత నాటి దాసోహము

నిండు గాదె గల గృహస్థునకు దాసోహము సులభము. ఇంట పుట్ల ధాన్యము నిలువయున్నవాడు పదిమందికి అన్నము పెట్టినచో లోకము మెచ్చుకొనును. అతనికి మాత్రము ఆ పూట ఒక్క ముద్దయు తగ్గదు. కొలిచి యిచ్చిన బియ్యముతో నెల గడపవలసిన ఇంటియందు, గ్యాసు సిలిండరు ఇంకెన్ని దినములు వచ్చునో వ్రేళ్లమీద లెక్కించుకొను వంటయింటియందు, వాకిట ఒక జంగమమూర్తి గాని, ఆకలిగొన్న బాటసారి గాని నిలిచినప్పుడే ఆ ధర్మము నిజముగా పరీక్షకు వచ్చును. అట్టి యింటికి దాసోహము విధియా, కాదా? విధియైనచో దాని కొలత ఏది? ఆ పెట్టెడి ముద్ద ఎవరి విస్తరినుండి తీసినది? మొదటి రెండు ప్రశ్నలను గూర్చి పెద్దలు ఎంతయో విచారించియున్నారు. మూడవదానిని అడుగువారు అరుదు. కాని తక్కిన రెండింటికిని సమాధానము ఆ మూడవదానియందే దాగియున్నది.

కొరత క్రొత్తది కాదు

భారతదేశమున కొలత బియ్యము నేటి సంగతి కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలములోనే పట్టణములయందు రేషను పద్ధతి ప్రవేశించినది. 1943లో వంగదేశమున సంభవించిన కరువునకు లక్షలాది జనులు బలియైరి. ఆ కరువును పరిశీలించిన ఆర్థికశాస్త్రజ్ఞుడు అమర్త్యసేన్, దేశములో ధాన్యము బొత్తిగా లేకపోవుటకంటె, ఉన్న ధాన్యమును పొందగల శక్తి పేదలకు లేకపోవుటయే ముఖ్యకారణమని 1981లో ప్రకటించిన తన గ్రంథమున వాదించెను. గాదెలో గింజ ఉండియు విస్తరిలో మెతుకు లేకపోవచ్చునని ఆ కరువు నేర్పిన పాఠము.

1965లో యుద్ధమును, ధాన్యపు కొరతయు ఒక్కసారిగా వచ్చిపడినవి. దేశము అమెరికానుండి వచ్చు గోధుమలపై ఆధారపడియుండెను. అప్పటి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారమునకు ఒక పూట, సోమవారము రాత్రి, భోజనము మానుడని ప్రజలను కోరెను. ఆ నియమమును ముందుగా తన కుటుంబముచేతనే ఆచరింపజేసి చూచి, పిదపనే దేశమును అర్థించెనని చెప్పుదురు. అనేక భోజనశాలలు ఆ రాత్రి తలుపులు మూసికొనెను. సోమవారము శివునకు ప్రియమైన దినమగుటచేత శైవగృహములకు ఆ ఉపవాసము క్రొత్తగా తోచియుండదు. అయితే ఆ పిలుపు ఒక పూట మానగలవారికి సంబంధించినది. నిత్యము ఒక పూటయే తినువానిని ఆ పూటయు మానుమని ఎవ్వరును కోరజాలరు. ఈ భేదము ముందు విచారమునకు పనికివచ్చును.

ఇంధనపు కొరత ఇంకొక త్రోవన వచ్చినది. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు ఎగుమతులను బిగించినప్పుడు పీపా ముడిచమురు ధర సుమారు మూడు డాలర్లనుండి కొలది నెలలలో పండ్రెండు డాలర్ల దరికి ఎగబ్రాకినది. ఎక్కడి ఎడారిలోని కలహమో ఇక్కడి పల్లెలో కిరోసిను సీసాను ఖాళీ చేసినది. నాటినుండి నేటివరకు ఆ సూత్రము మారలేదు. దేశమునకు కావలసిన ముడిచమురులో అత్యధిక భాగమును, వంటగ్యాసులో సగమునకు మించిన భాగమును విదేశములనుండియే రావలెను. 2022లో ఉక్రెయిను యుద్ధము మొదలైన పిదప, మే నెలలో 14.2 కిలోల గృహవినియోగ సిలిండరు ధర వేయి రూపాయలను దాటెను. 2023 ఆగస్టులో 200 రూపాయలు, 2024 మార్చిలో 100 రూపాయలు తగ్గించి, 2025 ఏప్రిలులో మరల 50 రూపాయలు పెంచిరి. పెరిగినను తరిగినను, ఆ ధరను నిర్ణయించు శక్తి గృహిణి చేతిలో లేదు; ఆ ధరకు తగినట్లు పొయ్యిని నడపవలసిన భారము మాత్రము ఆమెదే.

ప్రభుత్వములు ఊరకుండలేదు. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చెను. 1999లో దీపము పథకమును, 2016లో ఉజ్జ్వల పథకమును పేద స్త్రీల ఇండ్లకు గ్యాసు పొయ్యిని తెచ్చెను. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము అర్హమైన కుటుంబములో మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యమును హక్కుగా నిర్ణయించెను. 2023 జనవరినుండి ఆ ధాన్యమును ఉచితముగా ఇచ్చుట ఆరంభమైనది. తెలంగాణములో మనిషికి ఆరు కిలోల చొప్పున, 2025 ఏప్రిలునుండి సన్నబియ్యము పంచుట మొదలిడిరి. ఇవి గొప్ప మేలులే. కాని ఐదు కిలోలను ముప్పది దినములకు పంచినచో దినమునకు 166 గ్రాములు. అది ఎదిగిన మనిషికి దినమునకు కావలసిన శక్తిలో నాల్గవ వంతునకు కొంచెము మించును, అంతే. మిగిలినది కొనవలెను, పప్పు కొనవలెను, నూనె కొనవలెను, వండుటకు గ్యాసు కొనవలెను. కొలత బియ్యము ఆకలి బాధను తగ్గించినది గాని, లెక్క చూచుకొను అవసరమును తీర్చలేదు.

రెండు సమాధానములు

ఇట్టి కాలమున దాసోహమును గూర్చి గృహస్థులలో రెండు విధములైన అభిప్రాయములు వినవచ్చును. మొదటివారు, "ముందు ఇల్లు, పిదప ధర్మము. మిగిలిననాడు పెట్టుదము, మిగులనినాడు మానుదము" అందురు. ఈ మాటలో లోకజ్ఞానము కలదు. బిడ్డలను పస్తుంచి అతిథికి పెట్టుమని ఏ గురువును చెప్పడు. కాని ఈ మాటలో ఒక లోపము కలదు. మిగులు అనునది ఎన్నడును తానై రాదు. ఆదాయము పెరిగినకొలది అవసరములును పెరుగును. సిలిండరు ధర తగ్గిననాడు ఆ తగ్గిన ధనము దాసోహమునకు మిగిలిన ఇల్లు ఎక్కడను కానరాదు. మిగులునకై వేచియుండు ధర్మము జీవితకాలమంతయు వేచియే యుండును.

రెండవవారు, "ఏది ఏమైనను ఇంటి మర్యాద తప్పరాదు. తాతలనాడు ఎట్లు జరిగినదో నేడును అట్లే జరుగవలెను" అందురు. వీరిలో భక్తియున్నది, ధైర్యమున్నది. కాని వీరి దాసోహమునకు వెల చెల్లించువారు వీరు కారు. వాకిట నిలిచి "దయచేయుడు" అని పిలుచువాడు యజమానుడు. లోపల అడుగంటిన గిన్నెను చూచి నీళ్లు త్రాగి పరుండునది ఇల్లాలు. ఇంటిలో ఈగల మోత, బయట పల్లకీల మోత అను సామెత ఇట్టి ఇండ్లను చూచియే పుట్టినది.

ఈ రెండింటికిని నడుమ ఒక త్రోవ కలదా అని వెదకువారికి పండ్రెండవ శతాబ్దపు కల్యాణనగరమున ఒక దంపతుల జీవితము సమాధానము చెప్పును.

ఏరిన బియ్యము

ఆయ్దక్కి మారయ్య పేరులోనే అతని కాయకమున్నది. కన్నడమున ఆయ్ద అక్కి యనగా ఏరిన బియ్యము. బసవేశ్వరుని మహామనె ముంగిట దాసోహ సమయమున రాలిపడిన గింజలను ఏరి తెచ్చుట అతని నిత్యకృత్యము. ఆ గింజలను వండి లింగార్పితముచేసి, జంగమములకు పెట్టి, ప్రసాదమును స్వీకరించుట ఆ దంపతుల దినచర్య. ఒకనాడు బసవేశ్వరుడు, వారి పేదరికమును తలచియో, వారి నిష్ఠను పరీక్షింపదలచియో, గింజలు ఎక్కువగా రాలియుండునట్లు చేయించెను. మారయ్య ఆనాడు ఎప్పటికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్యయగు లక్కమ్మ ఆ మూటను చూచి సంతోషింపలేదు. ఆనాటికి కావలసినదానికి మించి తెచ్చుట ఆశయే యగునని, ఆశతో తెచ్చినది శివునకు తగదని పలికి, ఎక్కువైన గింజలను తెచ్చిన చోటనే పోసిరమ్మని భర్తను పంపెను. అతడు పోసివచ్చెను. ఆ కొలది బియ్యముతోనే ఆమె అనేక జంగమములను తృప్తిపరచెనని ఐతిహ్యము.

ఈ కథలో గమనింపదగిన విశేషములు రెండు. మొదటిది, లక్కమ్మ దాసోహమును మానలేదు. పేదరికము దాసోహమునకు అడ్డమని ఆమె తలచలేదు. రెండవది, దాసోహము పేరిట ఎక్కువ తెచ్చుటను ఆమె ఒప్పుకొనలేదు. జంగమములకే గదా అని సమాధానపడలేదు. పెట్టుట ఎంత ధర్మమో, పెట్టుటకై తీసికొనుటలో హద్దు పాటించుటయు అంత ధర్మమని ఆమె తీర్పు. కొరత కాలమున చేయదగిన మొదటి దాసోహము ఇచ్చుట కాదు. ఇంకొకరి పాలు ముట్టకుండుట.

చౌకధరల దుకాణము ముందు ఈ కథను తలచుకొన్నచో దాని అర్థము స్పష్టమగును. కార్డులో చనిపోయినవారి పేరు తీయించక వారి బియ్యమును తెచ్చుకొను ఇండ్లు కలవు. పెండ్లియై వేరు ఊరికి వెళ్లిన కుమార్తె పాలును ఇక్కడనే తీసికొను ఇండ్లు కలవు. తినని బియ్యమును తెచ్చి దళారికి అమ్ముకొను ఇండ్లును కలవు. అడిగినచో, "మేము విడిచినచో మధ్యవారు తిందురు. ప్రభుత్వపు సొమ్ము ఎవరిది?" అందురు. రాలిన గింజలును ఎవరివో చెప్పజాలనివే. వాటిని ఏరుకొనుమని బసవేశ్వరుడే రాల్చెను. అయినను లక్కమ్మ వాటిని తిప్పిపంపెను. ఎవరును అడుగనిచోట, పట్టుకొనువాడు లేనిచోట, ఇచ్చువాడే ఎక్కువ ఇచ్చుచున్నచోట తనకు తాను హద్దు విధించుకొనుటయే సదాచారము.

ఒక ఆక్షేపణ

ఇక్కడ న్యాయమైన ఆక్షేపణ ఒకటి లేవగలదు. లేనివారికి తృప్తిని బోధించుట ఉన్నవారికి అనుకూలమైన వేదాంతము కాదా? కొలిచి యిచ్చినదానితో సరిపెట్టుకొమ్మని పేదకు చెప్పి, చెప్పినవాడు గాదెకు తాళము వేసికొన్నచో ఆ బోధకు విలువ ఏమి?

ఆక్షేపణ బలమైనదే. దానికి సమాధానము ఆ కథలోనే ఉన్నది. చాలునని పలికినది మంత్రి కాదు, మంత్రి ముంగిట గింజలు ఏరుకొనువాని భార్య. ఆ మాట వినవలసివచ్చినది బిజ్జలుని కొలువులో అధికారియైన బసవేశ్వరుడు. సంపన్నుడు పేదకు తృప్తిని బోధించుట ఈ కథకు తలక్రిందులైన సంగతి. గాదె నిండియున్నవాడు లక్కమ్మ మాటను ఇంకొకరికి చెప్పుటకు పూర్వము తన గాదె ముందు నిలిచి తనకు చెప్పుకొనవలెను.

హక్కును అడుగుట వేరు, ఆశపడుట వేరు అనునది మరువరాదు. చట్టము నిర్ణయించిన ఐదు కిలోలలో అరకిలో తూకము తగ్గించిన దుకాణదారుని నిలదీయుట లోభము కాదు, అది గణాచారమే. అర్హత యుండియు కార్డు రాని ఇంటి పక్షమున అధికారులను అడుగుట దాసోహములో భాగమే. ఆహారభద్రతా చట్టము ఆ ధాన్యమును భిక్షగా గాక హక్కుగా చెప్పినది. హక్కున్నవాడు తలయెత్తి తీసికొనవలెను. అవసరము లేనివాడు నిశ్శబ్దముగ విడువవలెను. 2015లో వంటగ్యాసు సబ్సిడీని ఇష్టపూర్వకముగా వదలుకొనుడని కేంద్రప్రభుత్వము కోరినప్పుడు, మరుసటి సంవత్సరమునకు కోటికి పైగా కుటుంబములు అట్లు వదలుకొనెను. వారిలో ఎందరు లక్కమ్మ పేరు విన్నవారో చెప్పజాలము గాని, వారు చేసినది ఆమె చెప్పినపనియే.

ఎవరి విస్తరినుండి?

ఇప్పుడు మూడవ ప్రశ్నకు వత్తము. ఐదుగురు గల ఒక ఇంటిని ఊహింపవచ్చును: వృద్ధురాలైన అత్త, భర్త, భార్య, ఇద్దరు పిల్లలు. కార్డుపై నెలకు ఇరువదియైదు కిలోల బియ్యము వచ్చును. దినమునకు కిలోన్నర చొప్పున వండినచో నెలకు నలుబదియైదు కిలోలు కావలెను. మిగిలిన ఇరువది కిలోలు అంగడిలో కొనవలెను. ఆ ఇల్లాలు ప్రతిదినము గిద్దలతో కొలిచి ఎసట పోయును. ఒకనాడు వంట ముగిసిన పిదప ఇద్దరు అతిథులు వత్తురు. అన్నము మరల వండుటకు వీలులేదు, గ్యాసు అయిపోవచ్చినది. ఉన్నదానిలోనే వడ్డింతురు. అతిథులు తిందురు, అత్త తినును, భర్త తినును, పిల్లలు తిందురు. చివర కూర్చుండునది ఇల్లాలు. అతిథులు తిన్నంత అన్నము ఐదు విస్తరులనుండి సమముగా తగ్గలేదు. ఆ తరుగు అంతయు ఒక్క విస్తరిలోనే కానవచ్చును. ఇంటి యజమానుడు తాను దాసోహము చేసితినని తలచును. నిజమునకు చేసినది ఆమె. ఆమెను ఎవ్వరును అడుగలేదు.

అడుగక తీసికొన్నది అర్పణము కాదు. అర్పించువాని ఇచ్ఛ లేనిచోట లింగార్పితమునకు అర్థము లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణము 2019–21లో పదునైదునుండి నలుబదితొమ్మిది ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో ఉన్నట్లు కనుగొనెను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములలోను స్థితి ఇంచుమించు అదే. దీనికి కారణములు అనేకములు. అయినను చివర తినుటయు, అడుగంటినది తినుటయు, పప్పు కూరలు నిండుకొన్న పిదప తినుటయు ఆ కారణములలో చేరవని చెప్పుట కష్టము. 2013 నాటి చట్టము రేషను కార్డుపై ఇంటిలో పదునెనిమిది ఏండ్లు నిండిన పెద్ద స్త్రీనే కుటుంబపు పెద్దగా వ్రాయుమని విధించినది. కార్డుపై మొదట వ్రాయబడిన పేరు పంక్తిలో చివర ఉండుట విచిత్రము.

పూర్వికులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. తెలుగు పల్లెలలో అనేక గృహములందు పిడికెడు బియ్యపు ఆచారము ఉండెను. ఎసరు మరగకముందే, కొలిచిన బియ్యమునుండి ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయుదురు. వారమునకో నెలకో అది జంగమునకో, మఠమునకో, ఆకలిగొన్న ఇంటికో చేరును. చూచుటకు ఇది చిన్న సంగతి. కాని ఇందు గొప్ప న్యాయము ఇమిడియున్నది. వండకముందు తీసిన పిడికెడు అందరి విస్తరులనుండి సమముగా తగ్గును. వండిన పిదప పెట్టినది చివర తినువారి విస్తరినుండి మాత్రమే తగ్గును. పెట్టిన బియ్యము ఒక్కటే అయినను, మొదటిది ఇంటిల్లిపాది చేసిన దాసోహము. రెండవది ఒక్కరిచేత చేయించిన వెట్టి.

కావున కొరత నాటి దాసోహమునకు కొలత ఏది యనినచో, ఇంటిలోని వారందరును తెలిసి, సమ్మతించి, సమముగా తగ్గించుకొనగలిగినంత. అది పిడికెడైన పిడికెడు, చారెడైన చారెడు. ఆ కొలత తగ్గవచ్చును గాని, శూన్యము కానక్కరలేదు. ఇద్దరికి పెట్టలేనివారు ఒక్కరికి పెట్టుదురు. అన్నము పెట్టలేనివారు అంబలి పోయుదురు. అనుకోని అతిథి వచ్చిననాడు, మొదట తన విస్తరిని సగము చేసికొనవలసినవాడు పిలిచిన యజమానుడు. ఆ పూట ఇల్లాలిని తనతోపాటు పంక్తిలో కూర్చుండబెట్టుకొన్నచో, ఎవరి విస్తరిలో ఏమి తగ్గినదో అతని కన్నులే చెప్పును.

మోపు మోసినవాడు

బియ్యము గూర్చి ఆయ్దక్కి మారయ్య చెప్పినచో, వంటచెరకు గూర్చి మోళిగ మారయ్య చెప్పును. మోళిగ యనగా కట్టెలమోపు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున స్థానము పొందిన ఈ శరణుడు కాశ్మీరమున రాజ్యమును విడిచి కల్యాణమునకు వచ్చినవాడని ప్రసిద్ధి. కిరీటము పెట్టిన తలపై కట్టెలమోపు ఎత్తుకొని, అంగడిలో అమ్మి, వచ్చిన కాసులతో జంగమములకు అంబలి పోసెను. అతని ఇంటి లేమిని చూచి బసవేశ్వరుడు రహస్యముగ ధనము ఉంచిపోగా, దానిని తన ఇంట నిలుపుకొనక జంగమములకే అర్పించెనని కథ. కాయకమున సంపాదించని ధనముతో తన పొయ్యి వెలుగరాదని అతని పట్టుదల.

నేటి ఇండ్లలో ఇంధనపు భారము ఎవరిపై పడుచున్నదో విచారింపవలెను. సిలిండరు కొనలేనినాడు ఇల్లు చల్లగా పొయ్యిలో పిల్లి లేవని స్థితికి రాదు. ఇల్లాలు పెరటిలో మూడు రాళ్లు పేర్చి కట్టెలపొయ్యి ముట్టించును. పుల్లలు ఏరి తెచ్చునది ఆమె. పొగ మ్రింగునది ఆమె. ఆమె చెంగు పట్టుకొని కూర్చున్న పసిబిడ్డయు ఆ పొగను మ్రింగును. యజమానుడు సిలిండరు ధన మిగిలినదని సంతోషించును. మిగులలేదు, ఆ వెల ఆమె ఊపిరితిత్తులు చెల్లించుచున్నవి. రాజైనవాడు కట్టెలు మోసిన సంప్రదాయమునకు వారసులైన గృహములలో పురుషుడు మోపు మోయుట, పొయ్యి ఊదుట, పప్పు నానబోయుట అవమానమని తలచుట తగదు.

పొదుపునకు మార్గములు లేకపోలేదు. పప్పును, బియ్యమును ముందుగా నానబెట్టినచో ఉడుకుటకు తక్కువ సేపు పట్టును. మూతపెట్టి వండుట, ఎసరు పొంగిన పిదప మంట తగ్గించుట, అందరును ఒక్క వేళకు తినుట, పలుమార్లు వేడిచేయు పని తప్పించుట: ఇవి ఇల్లాండ్రు ఎరిగినవే. వీనిలో అందరును ఒక్క వేళకు తినుట అనునది ఇల్లాలు ఒక్కతె తలచినచో జరుగదు. వేళకాని వేళ వేడి అన్నము కోరుట మానవలసినవారు ఇంటిలో వేరేయున్నారు.

మఠముల పాలు

గృహస్థునకు విధించిన నియమము మఠములకును వర్తించును. వేయిమందికి ఒక్క పొయ్యిపై వండుట, వేయి పొయ్యిలపై వేరువేరుగా వండుటకంటె తక్కువ ఇంధనముతో జరుగును. కావున కొరత కాలమున మఠపు వంటశాల ఊరికి నిజమైన ఆధారము. తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమార స్వాములు వేలాది బాలురకు కులమత భేదము లేక అన్నమును, విద్యను దశాబ్దములపాటు పెట్టిరి. 2019 జనవరి 21న, నూటపదకొండు ఏండ్ల వయస్సున వారు లింగైక్యులైన పిదప, కర్ణాటక ప్రభుత్వము 2021లో ఆ దినమును దాసోహ దినముగ ప్రకటించెను. ఆ మఠపు గాదెలు నిండినది ఒక్క ధనికుని దానముచేత కాదు. ఊరూర ఇచ్చిన ధాన్యముచేత. కోరాన్న భిక్ష యను పూర్వాచారమునందును ఇదే న్యాయము కలదు. జంగముడు ఒక్క ఇంటిపై భారము మోపక, అనేక గృహములనుండి కొంచెము కొంచెము స్వీకరించును. పుచ్చుకొనువాడును ఇంటి స్థితిని ఎరిగి పుచ్చుకొనవలెనని ఆ ఆచారపు సందేశము.

ఇందుకు విరుద్ధముగ, ఉత్సవములందు ఇరువది రకముల పిండివంటలు వడ్డించి, సగము విస్తరులలో మిగిల్చి పారవేయు పద్ధతి ఇటీవల ప్రబలుచున్నది. దానిని దాసోహమని పిలుచుట ఆ పదమునకు అపచారము. వీరశైవ గృహములలో ప్రసాదమును మిగిల్పరాదను నియమముండెను. నిష్ఠగలవారు తిన్న పళ్లెమును కడిగి ఆ నీటిని గూడ త్రాగెడివారు. చూచినవారు దానిని పిసినితనమనుకొనియుండవచ్చును. అది పిసినితనము కాదు. పండించినవాని చెమటను, వండినవారి పొగను, ఇచ్చిన శివుని కరుణను పళ్లెములో విడువరాదను ఎరుక.

ఊరివారు కలిసినచో ఏమి చేయగలరో జహీరాబాదు ప్రాంతము చూపినది. అక్కడ 1990 దశకమున దక్కను డెవలప్‌మెంటు సొసైటీతో కూడిన మహిళా సంఘములు, బీడుపడిన చేలను జొన్నల సాగునకు తెచ్చిరి. సాగునకు ఇచ్చిన అప్పును ధాన్యముగ తిరిగి పుచ్చుకొని, ఆ ధాన్యమును ఊరిలోనే నిలువజేసి, ఎవరి ఇంట కొరత ఎంతయో ఊరివారే కూర్చుండి నిర్ణయించి, పేద గృహములకు తక్కువ ధరకు పంచిరి. దూరపు గాదెనుండి రావలసిన గింజకై వేచియుండక, తమ నేలలో పండు గింజను తాము కొలుచుకొనిరి. అట్టి పనికి మఠములు భూమిని గాని, గిడ్డంగిని గాని ఇచ్చినచో అది శాశ్వతమైన దాసోహమగును.

ముగింపు

ధరలు పెరుగును, తరుగును. పథకములు వచ్చును, మారును. ఏ ప్రభుత్వమును ఒక్క ఇంటిలోపలి పంక్తిని సరిదిద్దజాలదు. చౌకదుకాణమున తూకము సరిగా నున్నదా యని చూచునట్లే, ప్రతి గృహస్థుడును తన ఇంటి వడ్డనలోని తూకమును చూచుకొనవలెను. బయటి తూకములో మోసమైనచో అడుగుటకు అధికారి కలడు. లోపలి తూకములో మోసమైనచో అడుగువాడు ఇష్టలింగమే.

ఈ నెల బియ్యము ఇంటికి వచ్చిన దినమున ప్రతి ఇంటను ఒక చిన్న పని జరుగవచ్చును. మూట విప్పకముందు, ఇంటివారందరును కూర్చుండి, ఈ నెల పిడికెడు తీయగలమా, చారెడు తీయగలమా అని మాటలాడుకొనవచ్చును. ఆ మాటలో ఇల్లాలి మాట మొదట వినవచ్చును. చారెడు వీలుకాదని ఆమె పలికినచో పిడికెడే తీయవచ్చును. ఆ పిడికెడు కల్యాణపు ముంగిట ఏరిన గింజలతో సమానము. అందు ఎవరి కన్నీరును కలిసియుండదు.

శరణు శరణార్థి.